పుట్లూరు అరటి జెబెల్ అలీకి: ఐదు ఏసీ కంటైనర్ల అనుభవం

2025 ఫిబ్రవరి 9, ఆదివారం పొద్దున దుబాయి నుంచి ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. కంటైనర్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తలుపు దగ్గరి వరసలో ఒక బాక్సు మూత తీసి పెట్టారు. పాలిథిన్ కవర్ లోపల మూడు అరటి అత్తాలు, అంటే హస్తాలు, పచ్చగానే ఉన్నాయి. నాలుగోది పసుపు తిరిగింది. వెలుతురు వల్ల అలా కనిపిస్తోందేమోనని ఫొటోను పెద్దది చేసి చూశాను. కాదు, కాయ మాగడం మొదలైంది. సరుకు కొన్నాయన ఫొటో కింద ఒక్క ముక్కే రాశాడు: "దారిలో ఏం జరిగింది?"

ఆ ప్రశ్నకు జవాబు పట్టుకోవడానికి నాకు ఆరు రోజులు పట్టింది. సముద్రం మీద కాయ పంపే రైతు సంఘాలు మన జిల్లాలో ఏటేటా పెరుగుతున్నాయి కాబట్టి, ఆ ఆరు రోజుల్లో తెలుసుకున్నది వివరంగా రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా పుట్లూరు మండలం. 34 మంది అరటి రైతులం కలిసి సంఘం పెట్టుకున్నాం. నాకు నాలుగెకరాల జీ-9 రకం అరటి తోట ఉంది. సంఘంలో బుకింగులు, కాగితాలు, లెక్కలు నేను చూస్తాను. 2024 డిసెంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా దుబాయికి ఐదు ఏసీ కంటైనర్లు పంపాం. కాగితాల్లో రీఫర్ అని రాస్తారు గానీ మా ఊళ్లో అందరికీ అది ఏసీ కంటైనరే. ఐదూ నవీ ముంబైలో ఆఫీసున్న ఒకే ఫార్వర్డర్ ద్వారా వెళ్లాయి. ఖాళీ కంటైనర్‌ను మా షెడ్డుకు తేవడం, నింపాక ముంబై దగ్గరి నవా షేవా పోర్టుకు చేర్చడం, కస్టమ్స్, ఓడలో చోటు, దుబాయి పోర్టు జెబెల్ అలీలో దించడం, అన్నీ వాళ్ల బాధ్యతే. పేరు రాయడం లేదు. మూడో కంటైనర్ నష్టం ఎవరి ఖాతాలో పడాలో ఇంకా తేలలేదు. తేలకముందే పేరు పెట్టి రాయడం న్యాయం కాదు.

మొదట అందరూ అడిగే మాట చెబుతాను. చెన్నై పోర్టు మాకు దగ్గర, కృష్ణపట్నం ఇంకా దగ్గర, మరి అంత దూరం నవా షేవాకు ఎందుకు? అరటికి రోజులే ప్రాణం కాబట్టి. తూర్పు తీరంలో ఎక్కించిన సరుకు గల్ఫ్‌కు పోవాలంటే శ్రీలంకను చుట్టి రావాలి. చాలాసార్లు కొలంబోలో దించి ఇంకో ఓడ ఎక్కిస్తారు కూడా. నవా షేవా నుంచి జెబెల్ అలీకి అయితే నేరుగా నాలుగైదు రోజుల్లో చేరుతుంది. రోడ్డు మీద రెండు రోజులు ఎక్కువ పోయినా సముద్రం మీద అంతకు రెట్టింపు మిగులుతుంది. మన జిల్లా అరటికి ఈ దారి కొత్త కాదు. 2020 జనవరి ఆఖర్లో తాడిపత్రి స్టేషన్ నుంచి 43 ఏసీ కంటైనర్లలో 980 టన్నుల అరటితో ఒక రైలు నేరుగా ఆ పోర్టుకే వెళ్లింది. ఆ రోజు స్టేషన్‌లో నేనూ ఉన్నాను. వాన తక్కువ, బోరు నీళ్లే దిక్కు అనుకునే మా ప్రాంతం నుంచి అన్ని కంటైనర్లు వరసగా కదులుతుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు.

ఇక అసలు సంగతి. ఏసీ కంటైనర్ అంటే ఫ్రిజ్ లాంటిది, వేడి కాయ పెట్టినా చల్లబరుస్తుంది అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మొదటి కంటైనర్ దాకా మా సంఘంలోనూ సగం మంది అలాగే అనుకున్నారు. దాని యంత్రం చల్లదనాన్ని నిలబెట్టడానికే. ఫ్రోజెన్ సరుకుకూ అదే లెక్క. భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీల్లో సరుకును ముందే మైనస్ 18 డిగ్రీల కిందికి గడ్డకట్టించి, ఆ తర్వాతే కంటైనర్‌లో పెడతారు. గడ్డకట్టించే పని కంటైనర్ చేయదు.

రొయ్యకూ అరటికీ ఒక పెద్ద తేడా ఉంది. గడ్డకట్టిన రొయ్యలో కదలిక ఉండదు. బాక్సులను దగ్గర దగ్గరగా పేర్చి, గాలి కిటికీ మూసి పంపేస్తారు. చుట్టూ చల్లగాలి తిరిగితే చాలు. అరటికాయ గెల నుంచి కోశాక కూడా బతికే ఉంటుంది. గాలి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది, మాగించే ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. అందుకే చల్లగాలి ప్రతి బాక్సు లోపలి నుంచీ వెళ్లాలి, కంటైనర్ గాలి కిటికీ కొంత తెరిచి ఉండాలి. చల్లదనం కూడా ఎంత ఎక్కువైతే అంత మంచిది అనే లెక్క ఇక్కడ పనికిరాదు. మేం 13.5 డిగ్రీలు పెట్టిస్తాం. 12 కిందికి పోయిందంటే కాయకు చలిదెబ్బ. పైకి ఏమీ తెలియదు, గోటితో తొక్క గీరితే లోపల గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. అలాంటి కాయ మాగినా బంగారు రంగు రాదు, బూడిద పట్టినట్టు ఉంటుంది. పై హద్దు దాటితే దారిలోనే పండిపోతుంది. కింద ఒకటిన్నర డిగ్రీ, పైన ఒకటి రెండు డిగ్రీలు, ఆ సందులో పదిరోజులకు పైగా నడిపించాలి. ఇలాంటి సర్వీసును ఓడకిరాయి చూసి అంచనా వేయకూడదని నేను అనేది అందుకే.

మొదటి కంటైనర్ డిసెంబరు 12న నింపాం. ఖాళీ కంటైనర్ చెప్పిన రోజు, చెప్పిన గంటకు వచ్చింది. డ్రైవర్ దిగగానే వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్. ఆపరేషన్స్ చూసే అమ్మాయి, హిందీలో మాట్లాడుతుంది. నా హిందీ గుత్తి రైల్వే జంక్షన్‌లో నేర్చుకున్నది, అయినా ఓపిగ్గా విన్నది. "భాయ్ సాబ్, నింపడానికి ముందు నాకు నాలుగు ఫొటోలు కావాలి" అంది. డిస్‌ప్లేలో కనిపించే సెట్టింగ్, గాలి కిటికీ ఎంత తెరిచి ఉందో చూపించే గుర్తు, తలుపు రబ్బరు, నేల. నేల ఎందుకు అనుకున్నాను. లోపలికి వెళ్లి చూస్తే, నేల పొడవునా అల్యూమినియం పట్టీలు, ఇంగ్లీషు టీ అక్షరం వరసగా నిలబెట్టినట్టు. యంత్రం చల్లగాలిని ఆ పట్టీల సందుల్లోకి కింది నుంచి నెడుతుంది. గాలి బాక్సుల గుండా పైకి లేచి, కప్పు కింద నుంచి వెనక్కు యంత్రంలోకి పోతుంది. సందుల్లో పాత సరుకు చెత్త ఉంటే గాలి ఆగిపోతుంది. మాకు వచ్చిన కంటైనర్‌లో రెండు సందుల్లో ఎండిన ఉల్లిపొర ఉంది. ఫొటోలో ఆమే పట్టుకుంది. మా కుర్రవాళ్లు చీపురుపుల్లలతో అరగంట కూర్చుని తీశారు.

గోడ పైన ఒక ఎర్రగీత ఉంటుంది. బాక్సులు దాన్ని దాటకూడదు, దాటితే గాలి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఇంకోటి మాకు తెలియనిది: బాక్సులన్నీ పేర్చాక తలుపు దగ్గర ఒక అడుగు నేల ఖాళీగా మిగిలితే, దాన్ని అట్టలతో పూర్తిగా కప్పేయాలి. లేకపోతే గాలి సులువైన దారి చూసుకుని అక్కడి నుంచే పైకి పోతుంది, లోపలి బాక్సులకు అందదు. కాలువకు గండి పడితే చివరి మడికి నీళ్లందవు కదా, అచ్చం అంతే. మా సంఘంలోని పెద్దాయనకు నేను ఇలాగే చెప్పాను. వెంటనే అర్థమైంది, అట్టలు ఆయనే స్వయంగా కోసి పరిచారు.

ఈ గాలి బాధ మన కాలంలో వచ్చింది కాదు. 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి లండన్‌కు గడ్డకట్టించిన గొర్రె మాంసం తీసుకెళ్లింది. 98 రోజుల ప్రయాణం. ఓడలో చల్లబరిచే యంత్రం ఉంది, కానీ ఉష్ణమండలం దాటేటప్పుడు చల్లగాలి లోపల సరిగ్గా తిరగలేదు. కెప్టెన్ తనే సరుకు గదిలోకి పాక్కుంటూ వెళ్లి గాలికి కొత్త దారులు కోశాడట. చలికి కొయ్యబారిపోతే కాళ్లకు తాడు కట్టి బయటికి లాగాల్సి వచ్చిందట. సరుకు మాత్రం భద్రంగా చేరింది. ఎర్రగీత చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

మళ్లీ మా షెడ్డుకు వస్తాను. కాయను పటిక నీళ్లలో కడిగి జిగురు పోగొట్టి, ఆరబెట్టి, బాక్సుకు 13 కిలోల చొప్పున ప్యాక్ చేస్తాం. కవర్లో గాలి లాగేసి ముడి వేస్తాం. ప్రీకూలింగ్ గదిలో రాత్రంతా ఉంచి, సూది థర్మామీటర్ కాయలోకి గుచ్చి చూస్తాం. గుజ్జు 14 చూపిస్తేనే కంటైనర్‌లోకి. 40 అడుగుల కంటైనర్‌కు 1,540 బాక్సులు, అంటే 20 టన్నుల కాయ. మొదటి దానికి నాలుగున్నర గంటలు పట్టింది, ఐదోదానికి వచ్చేసరికి రెండు గంటల యాభై నిమిషాల్లో ముగించాం.

మొదటి రెండు కంటైనర్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అదే వాళ్లకు పెద్ద మెప్పు. రెండూ పదకొండో రోజున పచ్చగా తెరుచుకున్నాయి. దుబాయిలో కత్తితో కాయను అడ్డంగా కోసిన వీడియో పంపారు. తెల్లటి జిగురు చుక్కలు చుక్కలుగా కారింది. జిగురు చిక్కగా కారితే కాయ ఇంకా పచ్చిదే, మాగించే గదిలో వాళ్లు అనుకున్న రోజుకు పండించుకోవచ్చు. ఆ వీడియోను సంఘం గ్రూపులో పెడితే ఆ రోజు ఎవరి పొలంలో చూసినా ఫోన్లే.

మూడోది జనవరి 27 సోమవారం సాయంత్రం ఐదింటికి బయల్దేరింది. ఫిబ్రవరి 9న వచ్చిన ఫొటో దీనిదే.

ప్రతి కంటైనర్‌లో తలుపు దగ్గరి వరసలో, పై నుంచి రెండో బాక్సులో ఒక డేటా లాగర్ పెడతాం. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది. ప్రతి పది నిమిషాలకు వేడి ఎంతుందో రాసుకుంటుంది. తలుపు వైపు, పై వరసలే కంటైనర్‌లో అన్నిటికన్నా వేడి ఎక్కేచోటు, కాబట్టి అక్కడే పెట్టాలి. దుబాయిలో దాన్ని కంప్యూటర్‌కు పెడితే గీత బయటికొచ్చింది. జనవరి 27 రాత్రి 11 గంటల 40 నిమిషాల దాకా 14 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న గీత, అక్కడి నుంచి నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి 18.6. అప్పుడు వంగింది. మళ్లీ 14కు దిగడానికి దాదాపు రెండు రోజులు పట్టింది.

అంటే 13 గంటల 40 నిమిషాలు కంటైనర్‌కు కరెంటు లేదు.

ఓడలో కంటైనర్‌కు ప్లగ్గు ఉంటుంది, పోర్టు యార్డులోనూ ఉంటుంది. మూడు ఫేజుల, 32 ఆంపియర్ల ప్లగ్గు. రోజుకు రెండు మూడుసార్లు మనిషి వచ్చి చూసి రాసుకుంటాడు. లారీ మీద మాత్రం డీజిల్ జెన్‌సెట్టే (జనరేటర్) దిక్కు. అది ఆగితే కంటైనర్ ఉత్త ఇనుప పెట్టె. హోస్పేట దాటి కుష్టగి దగ్గర, రాత్రి డ్రైవర్ ఢాబా పక్కన ఆపి పడుకున్నాడు. జెన్‌సెట్ ఎప్పుడు ఆగిందో తనకు తెలియదంటాడు. పొద్దున చూస్తే డీజిల్ పైపులో గాలి చేరిందట, మెకానిక్ దొరికి బాగుచేసేసరికి మధ్యాహ్నమైందట. లారీ యజమాని మాట ఒకలా, డ్రైవర్ మాట ఇంకోలా ఉంది. ఏది నిజమో నేను తేల్చలేను. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: ఆ పదమూడు గంటల్లో మాకు ఒక్క ఫోన్ కాల్ వచ్చి ఉంటే, దగ్గర్లోని ఏదో ఒక కోల్డ్ స్టోరేజీలో బతిమాలైనా ప్లగ్గు పెట్టించేవాళ్లం. లాగర్ చూసేదాకా మాకే కాదు, ఫార్వర్డర్‌కూ తెలియదు. ఈ సర్వీసులో నాకు కనిపించిన అతి పెద్ద లోపం ఇదే. ఓడ ఎక్కాక ఎక్కడుందో గంట గంటకూ చెప్పగలిగినవాళ్లు, మన రోడ్డు మీద రాత్రిపూట జెన్‌సెట్ తిరుగుతోందో లేదో చెప్పలేకపోయారు.

1,540 బాక్సుల్లో 212 బాక్సులు పసుపు తిరిగాయి. అన్నీ తలుపు వైపువే. ఒక బాక్సులో ఒక అత్తం మాగితే, అది వదిలే వాయువుతో పక్కవాటికీ తొందర పుడుతుంది. కొన్నాయన మర్యాదస్తుడు, మొత్తం సరుకును తిరస్కరించలేదు. మాగినవి అక్కడికక్కడే తక్కువ ధరకు అమ్మి, మిగతా వాటిలో కొంత తగ్గించుకుని ఇచ్చాడు. మొత్తం లోటు లక్షా 70 వేలు. ఆ కంటైనర్‌లో ఆరుగురి కాయ ఉంది. తలుపు వైపు బాక్సులు ఎక్కువగా మా పెద్దాయనవే, కోత చివరి రోజు ఆయన తోటదే కాబట్టి. అరుగు మీద కూర్చుని లెక్క మొత్తం విన్నారు. "ఏమప్పా, కాయ మంచిదే కదా పోయింది?" అని అడిగారు. మంచిదే మామా అన్నాను. "అయితే సరే" అని లేచిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత సంఘంలో కూర్చుని ఆ లోటును ఆరుగురి మధ్య సమానంగా పంచాం. ఏ బాక్సు ఏ వరసలో పడుతుందో రైతు చేతిలో ఉండదు కాబట్టి ఇప్పుడు అది సంఘం నియమం.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. ఉంది. మా పాలసీలో ఏసీ యంత్రం పాడైతే వచ్చే నష్టానికి పరిహారం ఉంది, అయితే యంత్రం వరసగా 24 గంటలు ఆగి ఉండాలి. మాది 13 గంటల 40 నిమిషాలు. అరటి 24 గంటలు ఆగదు కదా అని ఫోన్లో అడిగాను, షరతు షరతే అన్నారు. పాలసీ తీసుకునేటప్పుడు నేను ప్రీమియం ఎంతో చూశాను, ఆ వాక్యం చదవలేదు. మీరు తప్పకుండా చదవండి. గంటలు తగ్గించి రాయించుకోవచ్చు, ప్రీమియం కొంత పెరుగుతుంది. లారీ మీద జెన్‌సెట్ ఆగితే అది యంత్రం పాడైనట్టు లెక్కా కాదా అన్నది కూడా ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడ ఫార్వర్డర్ గురించి మంచి కూడా చెప్పాలి. ఫొటో పంపిన ఆదివారమే ఆ అమ్మాయి ఫోన్ ఎత్తింది. మా లాగర్ మాత్రమే చాలదు, అది మనం పెట్టుకున్నది కాబట్టి అవతలివాళ్లు ఒప్పుకోరు, కంటైనర్ యంత్రం లోపల ఉండే రికార్డు కావాలి అని చెప్పింది తనే. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అనేది ఆ రికార్డులోనూ ఉంటుంది. ఓడ కంపెనీకి రాసి నాలుగు రోజుల్లో తెప్పించింది. రెండు గీతలూ పక్కపక్కన పెడితే నిమిషాల తేడాతో సరిపోయాయి. అది తమ కిందున్న లారీ సర్వీసు తప్పును బయటపెడుతుందని తెలిసి కూడా దాచలేదు. సగం నష్టం తాము పెట్టుకుంటామని రాశారు, లారీ యజమాని దగ్గర రాబట్టే పని ఇంకా నడుస్తోంది. ఆ సగంలో ఇప్పటిదాకా 40 వేలు వచ్చాయి.

నాలుగో కంటైనర్ విషయంలో ఆమెకు సంఘం మొత్తం రుణపడి ఉంది. ఫిబ్రవరి 10న నింపాం. మూడోది నెత్తి మీద ఉంది కాబట్టి అందరిలో టెన్షన్. ఈసారి రాత్రంతా డ్రైవర్ మూడు గంటలకోసారి డిస్‌ప్లే ఫొటో పంపాలని పట్టుబట్టాం, పంపాడు. పోర్టు దగ్గర ఏదో తనిఖీకి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టారు. గేటు లోపలికి వెళ్లాక తీసిన ఫొటో గ్రూపులోకి వచ్చింది. నేను చూశాను, అంకెలు మెరుస్తున్నాయి, యంత్రం నడుస్తోంది, హమ్మయ్య అనుకున్నాను. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్: "భాయ్ సాబ్, 3.5 ఉంది." నిజమే. 13.5కు బదులు 3.5. ముందున్న ఒకటి ఎవరి వేలు కింద ఎగిరిపోయిందో. ఆ సెట్టింగ్‌తో ఓడ ఎక్కి ఉంటే 20 టన్నుల కాయ చలిదెబ్బ తిని బూడిద రంగులో దిగేది.  ఆమె యార్డుకు మనిషిని పంపి నలభై నిమిషాల్లో సరిచేయించింది. లోపలి గాలి 11 దాకా దిగింది, కాయ మాత్రం 13 దగ్గరే ఉండిపోయింది. కాయ బరువు మనల్ని కాపాడింది, 20 టన్నులు అంత తొందరగా చల్లబడవు. ఈ కంటైనర్ శుభ్రంగా చేరింది.

ఐదోది రంజాన్ కోసం. మార్చి 1న నెల మొదలు, అంతకుముందు వారం గల్ఫ్ మార్కెట్లో అరటికి గిరాకీ బాగుంటుంది. ఆ సమయంలో అందరూ పంపుతారు కాబట్టి ఓడలో ప్లగ్గులు దొరకవు. ఓడలో చోటున్నా ఏసీ కంటైనర్లకు ప్లగ్గులు లెక్కపెట్టి ఉంటాయి, అవి నిండితే అంతే. వీళ్లు జనవరిలోనే మా కోసం ఒకటి పట్టి ఉంచారు. ఫిబ్రవరి 14న బయల్దేరి 26న తెరుచుకుంది, మంచి ధర పలికింది. ఆ డబ్బుతోనే మూడోదాని నొప్పి కొంత తగ్గింది.

ఖర్చు సంగతి. మేం అడిగిన మిగతా ఇద్దరు ఫార్వర్డర్లకంటే వీళ్లది కంటైనర్‌కు 18 వేలు ఎక్కువ. ఆ తేడా బాక్సుకు పన్నెండు రూపాయల లోపే. ఫొటోల పద్ధతి, యంత్రం రికార్డు తెప్పించడం, ముందే ప్లగ్గు పట్టి ఉంచడం, వీటికి ఆ డబ్బు ఇవ్వొచ్చు. బిల్లులో నాకు నచ్చనిది పోర్టులో ప్లగ్గు ఛార్జీలు. ఓడ ఆలస్యమైతే రోజుకింత అని మన మీద పడుతుంది, ముందు ఇచ్చిన కొటేషన్లో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండో కంటైనర్‌కు రెండు రోజులు అలా పడింది. అడిగితే ఒక రోజుది తగ్గించారు. కాయకు చీడపీడలు లేవని చెప్పే ఫైటో సర్టిఫికేట్, కస్టమ్స్ కాగితాల్లో ఎక్కడా తేడా రాలేదు. బీఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీద 13.5 డిగ్రీలు అని ఐదుసార్లూ స్పష్టంగా రాయించారు. అది లేకపోతే రేపు ఏ గొడవకూ ఆధారం ఉండదు.

తెలుగులో మాట్లాడేవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు. నాకు ఎలాగో గడిచింది. మా సంఘంలో ఎక్కువమందికి హిందీ రాదు, తమ కాయ ఎక్కడుందో తామే అడిగి తెలుసుకునే వీలు వాళ్లకు లేదు. అనంతపురం, కడప నుంచి ఇంత సరుకు వెళ్తున్నప్పుడు తెలుగు వచ్చిన ఒక్క మనిషిని పెట్టుకోవడం కష్టమేమీ కాదు. ఈ మాట వాళ్లకు రాసి పంపాను.

నవంబరులో మా కోత మొదలవుతుంది. మొదటి రెండు కంటైనర్లకు వీళ్లతోనే మాట్లాడుకున్నాం, మూడు షరతులు కాగితం మీద పెట్టించి. జెన్‌సెట్‌ను లారీ బయల్దేరే ముందు మా షెడ్డు దగ్గరే గంటసేపు నడిపి చూపించాలి. ఒక్క డ్రైవర్‌తో పంపకూడదు, ఇద్దరుండాలి. మూడోది, సిమ్ కార్డుతో పనిచేసే లాగర్: బాక్సులో వేడి 15 దాటగానే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. దాని ధర సగం మాది, సగం వాళ్లది. మెసేజ్ వెళ్లే నంబర్లు నాలుగు ఇచ్చాం. నాది, ఆ అమ్మాయిది, డ్రైవర్‌ది. నాలుగోది పెద్దాయన అడిగి ఇప్పించుకున్నారు. రాత్రిళ్లు బోరు మోటారు వేయడానికి ఎలాగూ లేచే ఉంటానన్నారు.